ముందు సబ్బు బిళ్ళ కొనండి మేడం, ఉలి తర్వాత

మేడం, మీరూ టీచరే అన్నారు, ఈ సెలవుల్లో చెక్క మీద బొమ్మలు చెక్కడం మొదట్నుంచీ నేర్చుకోవాలనుంది, అలాగే మనసుకి పట్టేలా నాలుగు పుస్తకాలు చదవాలనుంది, రెండూ ఒకేసారి కుదురుతాయా అని అడిగారు. నాకైతే కుదిరింది, కాకపోతే చాలా తప్పులు చేశాక.

నేను కృష్ణా జిల్లాలో హైస్కూల్లో లెక్కలు చెప్తా. ఆన్‌లైన్‌లో చూసి పన్నెండు ఉలుల సెట్ కొన్నా, మా వీధి చివర వడ్రంగి ఒకదాని మీద వేలు రాసి చూసి "మాస్టారూ, దీంతో వెన్న కోసుకోండి" అన్నాడు. ఆయన దగ్గరే టేకు ముక్క తెచ్చుకున్నా, అది ఇంకో తప్పు, కొత్త చేతికి టేకు ఎక్కడ లొంగుతుంది, నెల్రోజులు కుస్తీ పడితే ఒక చేప వచ్చింది, ఆఖర్న తోక విరిగింది.

తర్వాత ఒక ఆదివారం కొండపల్లి వెళ్ళా. అక్కడ బొమ్మలు చేసేవాళ్ళు వాడేది పొనికి కర్ర, చాలా తేలిక, కత్తికి మెత్తగా తెగుతుంది. పైగా బొమ్మంతా ఒకే ముక్కలోంచి తీయరు, చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అది చూశాక నా చేప తోక గురించి దిగులు పోయింది! ఏటికొప్పాక బొమ్మలు చూసి మొదలెడదాం అనుకుంటే మాత్రం, అవి అంకుడు కర్రని లేత్ మీద తిప్పి లక్క పట్టించేవి, ఆ పని వేరు.

ముందు స్నానం సబ్బు మీద పాత కూరగాయల కత్తితో ఒక ఆకు చెక్కండి, ఎక్కడ ఎంత తీయాలో చేతికి తెలుస్తుంది. చెక్క మీదకి వచ్చాక పోగు, అంటే చెక్కలోని నార, ఎటు పోతుందో చూసి ఆ వైపే కోయండి, ఎదురు కోస్తే పెళ్ళలుగా లేస్తుంది. కత్తి ఎప్పుడూ మీ వైపుకి రాకూడదు, నా ఎడమ బొటనవేలికి రెండు కుట్లు అలాగే పడ్డాయి. మొద్దు కత్తితోనే చెయ్యి ఎక్కువ తెగుతుంది, ఎందుకంటే బలం పెడతాం, జారుతుంది. కాబట్టి డబ్బులు సెట్‌కి కాదు, ఒక మంచి కత్తికీ సానరాయికీ పెట్టండి.

ఇక చదవడం. గుజరాత్ ఉపాధ్యాయుడు గిజుభాయ్ బధేకా రాసిన 'పగటికల' నేను బీఈడీలో ఒక్క రాత్రిలో అవగొట్టా, ఏమీ మిగల్లేదు. ఈసారి కుట్లు మానాక సాయంత్రాలు అరుగు మీద చెక్కుతుంటే ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి పైకి చదివేది, రోజుకి నాలుగైదు పేజీలే, అదీ తడుముకుంటూ. అందులో మాస్టారు నాలుగో తరగతి పిల్లల చేత మొదటిరోజు నిశ్శబ్దం ఆట ఆడించబోతే అది కాస్తా గోలగోల అవుతుంది, మర్నాడు కథ మొదలుపెడితే క్లాసంతా చెవులు రిక్కించి వింటుంది. అక్కడ నా ఉలి ఆగిపోయింది. క్లాసులోకి వెళ్ళగానే బల్ల మీద డస్టర్ కొట్టి సైలెన్స్ అని అరిచేవాణ్ణి నేనే కదా, అదేమో "నాన్నా, నువ్వూ ఇంతేనా?" అని అడిగింది.

మీకూ ఇంట్లో చదివి పెట్టేవాళ్ళుంటే అలా చేసి చూడండి, లేకపోతే రెండు పేజీలు చదివి ఆ తర్వాత కత్తి పట్టుకోండి, చెక్కుతున్నంతసేపూ అవే బుర్రలో తిరుగుతాయి. మీదే ఊరో రాయలేదు, కొండపల్లి దగ్గరైతే పొద్దున్నే వెళ్ళండి, రంగులు వేసే చోటికంటే చెక్కే చోట ఎక్కువసేపు కూర్చోండి.