యువ రచయితకు లేఖ: ఓమ్ కొలిచింది తీగల్ని, మోటార్లని కాదు

అమలాపురం

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం నిన్న రాత్రి చదివాను. భాష బాగుంది. ముందు నాలుగో పేజీ సంగతి మాట్లాడాలి. "ఓమ్ నియమం ప్రకారం వోల్టేజి తగ్గితే కరెంటూ తగ్గుతుంది, కాబట్టి లో వోల్టేజితో మోటారుకు ముప్పు లేదు" అని రాశావు. ఆ వాక్యం చదివాక నాకు నిద్ర పట్టలేదు. మీ భీమవరం వైపు రొయ్యల చెరువులో ఏరియేటర్లు (నీళ్లకి గాలి కలిపే యంత్రాలు) తిప్పే రైతు ఎవరైనా ఇది నమ్మాడనుకో, లైను చివర వోల్టేజి పడిపోయినా మోటారు అలాగే వదిలేస్తాడు. అది కాలిపోతుంది. తెల్లవారుజామున చెరువు నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ. ఆ వేళ ఏరియేటర్ ఆగితే రొయ్య దక్కదు.

జరిగేది నువ్వు రాసినదానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. తిరుగుతున్న మోటారు లోపల, వచ్చే వోల్టేజికి ఎదురుగా మరో వోల్టేజి పుడుతుంది. కరెంటును అదుపులో ఉంచేది అదే. 230 వోల్టుల మీద 6 ఆంపియర్లు లాగే మోటారు ఉందనుకో. ఓమ్ లెక్కన 230ని 6తో భాగిస్తే నిరోధం, అంటే కరెంటుకి తగిలే అడ్డు, 38 ఓమ్‌లు వస్తుంది. మోటారు ఆపి, మెయిన్ తీసేసి, వైర్లు విప్పి మల్టీమీటర్‌తో వైండింగ్, అంటే లోపలి తీగ చుట్ట, కొలువు. కొద్ది ఓమ్‌లే ఉంటుంది. అంటే కరెంటును ఆపుతున్నది ఒక్క తీగ నిరోధమే కాదు. వోల్టేజి పడిపోతే మోటారు మీద బరువేమీ తగ్గదు. వేగం తగ్గుతుంది, ఎదురు వోల్టేజి తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది. 6 ఆంపియర్లు 8 అయితే వైండింగ్‌లో పుట్టే వేడి దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ఎందుకంటే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. 1840 ప్రాంతంలో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జూల్ తేల్చిన సంగతి ఇదే. ఇంకొకటి. మోటారుకి వోల్టుల్ని ఆంపియర్లతో గుణించి "ఇన్ని వాట్లు" అని రాయకు. పవర్ ఫ్యాక్టర్‌తో (లాగిన కరెంటులో నిజంగా పనికి వచ్చే వంతుతో) కూడా గుణించాలి.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో సాయంత్రాలు పాలకొల్లులో కాలిన మోటార్లకి మళ్లీ తీగ చుట్టే ఒక రివైండింగ్ షాపులో కూర్చునేవాణ్ణి. మెకానిక్ కాలిన త్రీ ఫేజ్ మోటారు విప్పి, లోపల టార్చి వేసి చూపించేవాడు. కొన్ని చుట్టలు నల్లబడి మిగతావి రాగి రంగులోనే ఉంటే ఒక ఫేజ్ పోయినట్టు. అన్నీ ఒకేలా మాడితే ఓవర్‌లోడో, లో వోల్టేజో. ఆ మాడిన వార్నిష్ వాసన చొక్కాకి పట్టుకుంటే ఇంటికొచ్చాక కూడా పోయేది కాదు. చూసినదంతా అంకెలతో సహా రాసి ఒక పత్రికకు పంపాను. ఆ సంపాదకుడు అంకెలన్నీ కొట్టేసి, కాలువలో నీళ్లూ తీగలో కరెంటూ ఒకటే అన్న పోలిక ఒక్కటి మిగిల్చాడు. అంకెలు చూస్తే పాఠకులు పేజీ తిప్పేస్తారట! మన రైతు ఎకరాకి ఎన్ని పిల్లలు వేయాలో, టన్నుకి ఎంత మేత పడుతుందో నోటి లెక్క చెబుతాడు. ఆయనకి అంకెలంటే భయమా? ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. ఇప్పుడేమో "ఐదు నిమిషాల్లో కరెంటు పాఠం" అనే ఫ్యాషన్ ఒకటి వచ్చింది. నీ వ్యాసానికి కూడా ఆ గాలి కొంచెం సోకింది.

"ఒక పరికరానికి 10 వోల్టులు ఇస్తే 2 ఆంపియర్లు ప్రవహించాయి, నిరోధం 5 ఓమ్‌లు" అని మొదలుపెట్టావు. ఏ పరికరం అది? మీ ఇంట్లో ఉందా? పాఠకుడు చేత్తో ముట్టుకోగల వస్తువు లేనిదే ఒక్క అంకె కూడా వేయకు. నేను ఏళ్ల తరబడి చెబుతున్నది ఇదొక్కటే. స్నానాల నీళ్లు కాచే హీటర్ రాడ్ తీసుకో. దాని మీద 230 వోల్టులు, 1000 వాట్లు అని ఉంటుంది. వాట్లని వోల్టులతో భాగిస్తే 4.35 ఆంపియర్లు. వోల్టుల్ని ఆ ఆంపియర్లతో భాగిస్తే సుమారు 53 ఓమ్‌లు. చలికాలం పొద్దున్నే వోల్టేజి 180కి పడిందనుకో. 180ని 180తో గుణించి 53తో భాగించు. దాదాపు 610 వాట్లు. అరగంటలో కాగే బకెట్ 50 నిమిషాలు తీసుకుంటుంది. ఇక్కడ నీ సూత్రం చక్కగా పనిచేస్తుంది. పాత 60 వాట్ల బల్బుకి మాత్రం జాగ్రత్త. వెలిగేటప్పుడు 880 ఓమ్‌లు పైచిలుకు ఉండే ఫిలమెంట్, ఆర్పి చల్లారాక మల్టీమీటర్ పెడితే అందులో పదో వంతు కూడా చూపించదు. టంగ్‌స్టన్ వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది.

1827లో తన సిద్ధాంతం అచ్చు వేయించిన ఓమ్ జర్మనీలోని కొలోన్‌లో బడి పంతులు. అప్పటి బ్యాటరీలు నిలకడగా ఉండవని, ఒక చివర మరిగే నీళ్లలో, ఇంకో చివర మంచులో ఉంచిన థర్మోకపుల్‌తో (రెండు లోహాలు కలిపి, వేడి తేడాతో కరెంటు పుట్టించే అమరికతో) రకరకాల పొడవుల తీగల్ని కొలిచాడు. తీగలు! ఆయన 1854లో పోయాడు, ఇండక్షన్ మోటారు 1880ల నాటిది. ఆయన మాటని మోటారుకు తెచ్చి అతికించకు. చెరువు గట్టు మీద వైరుకి అతికించు, రైతుకి పనికొస్తుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 200 మీటర్లు లాగితే, రానూ పోనూ 400 మీటర్లు, సుమారు 3 ఓమ్‌లు. 6 ఆంపియర్లకి 18 వోల్టులు దారిలోనే పోతాయి. వంద వాట్ల పైన వైరు వేడికే ఖర్చు. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే ఆ 18 వోల్టులు 11కి దిగుతాయి. నీ వ్యాసంలో ఈ లెక్క ఎక్కడా లేదు.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకు పంపాలి అని అడిగావు. వాటి గురించి ఇప్పుడేమీ చెప్పను. మీ ఊళ్లో ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకుని ఏదో ఒక చెరువు దగ్గరికి వెళ్లు. సాయంత్రం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వోల్టేజీ, కరెంటూ రెండూ రాసుకో. టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే మీటరు) ఒక్క తీగకే తగిలించమను, ఫేజూ న్యూట్రలూ కలిపి పట్టుకుంటే సున్నా చూపిస్తుంది. స్టార్టర్‌లో, కరెంటు మితిమీరితే మోటారు ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఉందో, పీకేసి డైరెక్ట్ చేశారో అది కూడా చూడు. ఆ రీడింగులతో నాలుగో పేజీ కొత్తగా రాసి ముందు నాకు పంపు. అప్పటిదాకా ఈ వ్యాసం ఎవరికీ ఇవ్వకు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య