బ్లిట్జ్ చదరంగంలో 2150 రేటింగ్ దగ్గర ఏడాదిగా ఆగిపోయాను, నా ఆట ఎలాంటిది, ఎక్కడ బాగుపడాలి?

మీరు అడిగింది ఇదీ: ఆన్‌లైన్‌లో రోజూ 3+0 బ్లిట్జ్ (ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఎత్తుకు అదనపు సెకన్లు లేని వేగపు చదరంగం) ఆడతారు, రేటింగ్ 2150 దగ్గర ఏడాదిగా కదలడం లేదు. 20 ఆటలు పెట్టి, నా శైలి ఏమిటి, లోపం ఎక్కడ ఉంది చెప్పమన్నారు. "నాది అర్జున్ ఎరిగైసి లాంటి దూకుడు ఆట" అని ఒక ముక్క కూడా రాశారు. ఆ ముక్క దగ్గరికి తర్వాత వస్తాను.

నేను మాస్టర్‌ని కాను. నాలుగేళ్ళ కిందట మీలాగే ఆడుతూ 2231 దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి జారి, మళ్ళీ నెమ్మదిగా ఎక్కినవాణ్ణి. మీ 20 ఆటలూ రెండు సాయంత్రాలు కూర్చుని చూశాను. ఎవరివో ఆటలు నువ్వెందుకు చూస్తున్నావని మా ఆవిడ అడిగితే నా దగ్గర సమాధానం లేదు. చూస్తుంటే పాత నేనే కనిపించాను, అంతే.

ముందు మీ బలం చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా బలమే. ఆట మొదలుపెట్టే పద్ధతి ఎప్పుడూ ఒకటే: తెల్లతో ప్రతిసారీ లండన్, నల్లతో ఎవరు ఏం ఆడినా కింగ్స్ ఇండియన్ పద్ధతి. మొదటి పది ఎత్తులకు మీరు వాడేది ఎనిమిది, పది సెకన్లు. ఎదుటివాడు అప్పటికే అరనిమిషం ఖర్చు చేసి ఉంటాడు. తర్వాత ప్రతి ఎత్తులోనూ ఒక చిన్న బెదిరింపు పెడతారు. పెద్ద ప్లాన్ కాదు, ఒక బంటు మీద కన్నో, ఒక చెక్కో, క్వీన్ వెనక ఒక రూకో. ఒక్కొక్కటి చూస్తే ఏమీ కాదు, కానీ ఎదుటివాడు ప్రతిదానికీ ఆగి చూడాలి. అలా వాడి గడియారం కరుగుతుంది. టైమ్ మీద గెలవడాన్ని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు. నాకు అలాంటి పట్టింపు లేదు. మూడు నిమిషాలు ఇద్దరికీ ఒకటే ఇచ్చారు కదా, ఎలా వాడుకుంటారన్నది కూడా ఆటలో భాగమే.

20లో మీరు 13 గెలిచారు, 6 ఓడారు, 1 డ్రా. మీరు ఓడిన ఆరింటినీ విశ్లేషించానని రాశారు. మంచిదే. కానీ నేను మొదట చూసింది గెలిచిన పదమూడింటిని. వాటిలో 8 టైమ్ మీద గెలిచినవి. ఆ ఎనిమిదింట్లో ఐదింటిలో ఎదుటివాడి జెండా పడే (టైమ్ అయిపోయే) సమయానికి మీ దగ్గర వాడికన్నా కనీసం ఒక పావు తక్కువ ఉంది. ఆ ఐదు ఆటలనూ మీరు మళ్ళీ తెరిచి ఉండరు. నేనూ తెరిచేవాణ్ణి కాదు. గెలిచిన ఆటలో ఏం చూస్తాం, రేటింగ్ పెరిగింది కదా, తర్వాతి ఆట నొక్కేస్తాం. మీ రేటింగ్ ఆగిపోవడానికి కారణం ఆ ఐదు ఆటల్లోనే ఉందని నా నమ్మకం. 2150 దగ్గర ఎదుటివాళ్ళ జెండాలు పడతాయి. 2300 దగ్గరివాళ్ళు కూడా మీ అంత వేగంగా ఆడతారు, అప్పుడు ఆ పావు లేకపోవడం కనిపిస్తుంది.

7వ ఆట తీసుకోండి. కోట కట్టుకున్న నల్ల రాజు మీద బిషప్‌తో హెచ్7 గడిలోని బంటును కొట్టి, తర్వాత నైట్ జి5, క్వీన్ హెచ్5. పుస్తకాల్లో ఉండే బలి (దాడి కోసం కావాలనే పావును వదులుకోవడం), చూడ్డానికి బాగుంటుంది. దానికి మీరు తీసుకున్న సమయం 3 సెకన్లు. అప్పటికి మీ గడియారంలో 2:20 ఉంది. ఈ బలి పనిచేయాలంటే ముందు చూడాల్సింది ఇది: హెచ్7 గడిని నల్లవాడు మళ్ళీ కాపాడుకోగలడా? ఆ ఆటలో ఈ6 మీద బంటు లేదు, కాబట్టి సి8 బిషప్‌కు దారి తెరిచి ఉంది. అది ఎఫ్5కి వచ్చి హెచ్7ను కాపాడేసింది, మీ బిషప్ ఊరికే పోయింది. పది సెకన్లు ఆగితే మీకు కనిపించేది, మీ స్థాయివాళ్ళకు కనిపించనిదేం కాదు. తర్వాత ఎదుటివాడు కంగారుపడి టైమ్ పోగొట్టుకున్నాడు కాబట్టి పాయింట్ మీ ఖాతాలో పడింది.

అసలు గమనించాల్సింది ఆ 3 సెకన్ల సంగతి. విశ్లేషణ పేజీలో ఏ ఎత్తుకు ఎంత సమయం పట్టిందో గ్రాఫ్ ఉంటుంది, ఒకసారి తెరిచి చూడండి. మీది దాదాపు చదునుగా ఉంది. పావుకు పావు తిరిగి కొట్టడానికీ రెండు సెకన్లే, బలి ఇవ్వడానికీ రెండు మూడు సెకన్లే. బాగా వేగంగా ఆడే గ్రాండ్‌మాస్టర్ల ఆటలు చూస్తే గ్రాఫ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది. తప్పనిసరి ఎత్తులు కన్నుమూసి వేసేస్తారు, ఆట మలుపు తిరిగేచోట మాత్రం పదిహేను ఇరవై సెకన్లు కదలరు. మనం అదంతా వేగం అనుకుంటాం. ఆటకు రెండుసార్లు, రెండే రెండుసార్లు, పదిహేను సెకన్లు ఆగుతానని పెట్టుకోండి. మీకు అంత టైమ్ ఉంది. మీరు గెలిచిన ఆటల్లో చాలావాటిలో మీ దగ్గర నలభై సెకన్ల పైనే మిగిలింది. మిగిలిన టైమ్ రేపటి ఆటకు పనికిరాదు కదా.

ఇక అర్జున్ సంగతి. వరంగల్‌లో పుట్టి, 2018లో పదిహేనేళ్ళు నిండకుండానే గ్రాండ్‌మాస్టర్ అయిన అర్జున్ ఎరిగైసి అంటే నాకూ అభిమానమే. కానీ ఆనంద్ తర్వాత 2800 రేటింగ్ అందుకున్న రెండో భారతీయుడిగా 2024లో ఆయన పేరు వచ్చింది గంటల తరబడి సాగే క్లాసికల్ ఆటల్లో. ఆయన దూకుడు అంటే డ్రాకి ఒప్పుకోకుండా, సమానంగా ఉన్న పొజిషన్లో కూడా గెలుపు కోసం వెతుకుతూ కూర్చోవడం. అవసరమైతే ఎండింగ్‌లో (కొద్ది పావులే మిగిలిన చివరి దశలో) కూడా. మీరు చేసేది అది కాదు. మీ 20 ఆటల్లో క్వీన్లు మార్చుకునే అవకాశం వచ్చిన ప్రతిసారీ మీరు తప్పించుకున్నారు. మార్చుకుంటే లాభం ఉన్నచోట కూడా. దాన్ని మీరు దూకుడు అంటున్నారు. నాకు మాత్రం ఎండింగ్ అంటే భయంలా కనిపించింది. కటువుగా అన్నాననుకోకండి, నాకు ఉన్నదీ ఇదే రోగం, నాది ఎలా బయటపడిందో చెప్తాను.

రేటింగ్ 2200 దాటిన ఉత్సాహంలో విజయవాడలో ఒక కల్యాణమండపంలో జరిగిన ర్యాపిడ్ టోర్నమెంట్‌కు వెళ్ళాను. 15+10, అంటే పదిహేను నిమిషాలు, ప్రతి ఎత్తుకూ పది సెకన్లు అదనం. మొదటి రౌండ్లోనే పరువు పోయింది. నా రాజుకు చెక్ ఉన్నది చూసుకోకుండా వేరే పావు కదిపి గడియారం నొక్కాను. స్క్రీన్ మీదైతే ఆ పావు దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. అక్కడ ఆర్బిటర్ (ఆట నిర్ణేత) వచ్చి ఎదుటివాడికి రెండు నిమిషాలు కలిపారు.

మూడో రౌండ్లో పదకొండేళ్ళ పిల్లాడు. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకు అందడం లేదు. వాళ్ళమ్మ పెరుగన్నం డబ్బా పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ముప్పై ఎత్తులయ్యేసరికి నా గడియారంలో 14 నిమిషాలు, వాడి దగ్గర 4. ఇంకేముంది, జెండా పడుతుందని నేను చకచకా ఆడేస్తున్నాను. పడలేదు. ప్రతి ఎత్తుకూ పది సెకన్లు వస్తుంటే ఎందుకు పడుతుంది? చివరికి వాడికి రూక్, ఒక బంటు. నాకు రూక్ ఒక్కటే. నల్ల పావులు నావి, నా రాజు బంటుకు ఎదురుగానే ఉన్నాడు. నేను రూక్‌ను తెచ్చి చివరి వరుసలో దాచుకున్నాను. ఇరవై ఎత్తుల్లో ఓడిపోయాను. పిల్లాడు చెయ్యి కలిపి, "అంకుల్, రూక్‌ని ఆరో వరుసలో పెట్టుకుంటే డ్రా" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగా సాయం చేద్దామనే అన్నాడు.

వాడు చెప్పింది ఫిలిడోర్ పొజిషన్. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడి పేరు మీద ఉంది, నాకు 34 ఏళ్ళు వచ్చాక తెలిసింది. సంగతి చిన్నదే. రూక్‌ను ఆ వరుసలో ఉంచితే ఎదుటి రాజు ముందుకు రాలేడు. బంటు ఆ వరుసలోకి వచ్చిన మరుక్షణం రూక్‌ను బోర్డు అవతలి అంచుకు పంపి వెనకనుంచి చెక్కులు ఇస్తూ పోవాలి. రాజు దాక్కోవడానికి బంటు ముందు చోటు ఇక లేదు కాబట్టి డ్రా. మీ 14వ ఆట చివర అచ్చం ఇదే పొజిషన్ వచ్చింది, మీరూ నాలాగే రూక్‌ను చివరి వరుసలో పెట్టి ఓడారు. 11 సెకన్లే ఉన్నాయంటారు. ఈ డ్రా తెలిసినవాడికి 11 సెకన్లు ఎక్కువ. రూక్‌ను ఆ వరుసలోనే అటూ ఇటూ కదపడం ప్రీమూవ్‌తో (ఎదుటివాడు ఆడకముందే మన ఎత్తు పెట్టేసుకోవడంతో) అయిపోయే పని, ఒక కన్ను బంటు మీద ఉంచితే చాలు.

కాబట్టి నా మాట: ఒక రెండు నెలలు 3+0 మానేసి 3+2 ఆడండి. ప్రపంచ బ్లిట్జ్ పోటీ జరిగేదీ 3+2లోనే. అదనపు సెకన్లు ఉంటే ఎండింగ్ నుంచి పారిపోవడం కుదరదు. రేటింగ్ పడుతుంది, ముందే చెప్తున్నాను. నాది 90 పాయింట్లు పడింది, తిరిగి రావడానికి రెండున్నర నెలలు పట్టింది. దానితోపాటు వారానికి ఒకటో రెండో 15+10 ఆటలు. మన కోనేరు హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది ఈ టైమ్‌లోనే. వేగం, ఆలోచన రెండూ కలిసేది అక్కడే అనిపిస్తుంది నాకు. పజిళ్ళు కూడా పరుగుపందెం పద్ధతిలో కాకుండా, ఒక్కోదానికి ఐదు నిమిషాలైనా పెట్టి, మొత్తం లెక్క మనసులో పూర్తయ్యాకే మొదటి ఎత్తు వేయండి. వేగం మీకు ఇప్పటికే ఉంది, దానికి మళ్ళీ శిక్షణ దండగ.

చిన్న చిన్నవి కొన్ని. నల్లతో మొదటి ఎత్తు జి6 ఆడి, బిషప్ జి7ను ప్రీమూవ్ పెడుతున్నారు. తెల్లవాడు రెండో ఎత్తులో బిషప్‌ను హెచ్6కి తెస్తే, ఊరికే వచ్చిన ఆ బిషప్‌ను కొట్టాల్సిందిపోయి మీ బిషప్ జి7కి వెళ్ళి చస్తుంది, దాని వెనక హెచ్8 రూక్ కూడా. మీకు ఇంకా ఎవరూ చేయలేదు, చేస్తారు. ఇంకొకటి, మీరు రెండు సైట్లలో ఆడతారు కాబట్టి: చెస్.కామ్‌లో ప్రీమూవ్‌కు సెకనులో పదో వంతు పోతుంది, లిచెస్‌లో ఏమీ పోదు. మీ దగ్గర ఒక్క నైట్ మిగిలి, బంటు ఉన్న ఎదుటివాడి టైమ్ అయిపోతే లిచెస్‌లో మీకు గెలుపు ఇస్తారు, చెస్.కామ్‌లో డ్రా. ఏ నిబంధన కింద ఆడుతున్నామో తెలియకుండా చివరి ఐదు సెకన్లు ఆడటం ఎందుకు?

రాత్రిపూట ఆటల గురించి ఎక్కువ చెప్పను. మీరు ఓడిన ఆరింట్లో నాలుగు రాత్రి ఒంటిగంట తర్వాతవి, వెంటవెంటనే ఆడినవి. "ఒక్కటి గెలిచి పడుకుందాం" అనే మాట నాకు బాగా తెలుసు. ఒక సంక్రాంతికి అత్తగారింట్లో అందరూ పడుకున్నాక దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని ఆడి, తెల్లారేసరికి 110 పాయింట్లు పోగొట్టుకున్నాను. భోగిమంట దగ్గర ఒక్కడితోనూ మాట్లాడలేదు. వరసగా రెండు ఓడితే ఫోన్ వేరే గదిలో పెట్టేయాలన్నది అప్పటినుంచి నా నియమం. పదిసార్లలో ఏడుసార్లు పాటిస్తాను.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, 17వ ఆట, 26వ ఎత్తు. మీ గడియారంలో 1:48 ఉంది. క్వీన్లు మార్చుకుంటే ఇద్దరికీ ఒక్కో రూక్, మీకు ఎ నిలువు వరుసలో ఒక బంటు ఎక్కువ, ఎదుటి రాజు బోర్డుకు అవతలి వైపు ఉన్నాడు. మీరు రెండు సెకన్లలో ఒక చెక్ ఇచ్చి క్వీన్‌ను కాపాడుకున్నారు, పది ఎత్తుల తర్వాత ఓడారు. క్వీన్లు మార్చుకున్నట్టు పెట్టుకుని అక్కణ్ణుంచి నేను చెస్ ఇంజిన్‌తో (కంప్యూటర్‌తో) మూడుసార్లు ఆడాను. మొదటి రెండుసార్లు రూక్‌ను బంటుకు ముందు పెట్టాను, రెండూ డ్రా అయ్యాయి. మూడోసారి బంటు వెనక పెట్టాను, గెలిచాను.