యంత్రాల షెడ్డుకు ఎలాంటి స్విచ్‌లు కావాలి?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డులో త్రీ ఫేజు లేత్, సింగిల్ ఫేజు డ్రిల్లింగ్ మిషన్ ఉన్నాయి. డ్రిల్లింగ్ మిషన్‌కు గోడ మీది మామూలు స్విచ్చే ఉంది. మొన్న కరెంటు పోయినప్పుడు మా కుర్రవాడు స్విచ్ కట్టేయకుండానే బిట్టు మార్చబోయాడు. బిట్టును పట్టి ఉంచే చక్‌ను బిగించే చక్ కీ ఇంకా చక్‌లో ఉండగానే కరెంటు వచ్చింది. కీ ఎగిరి గోడకు తగిలింది. ఏ స్విచ్‌లు పెట్టించాలి?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కుర్రవాడికి దెబ్బ తగలనందుకు సంతోషం. స్విచ్ మార్చేదాకా దయచేసి ఆ మిషన్‌ను వాడనివ్వకండి. లైట్లకు, ఫ్యాన్లకు వాడే స్విచ్ ఒకసారి వేస్తే వేసినట్టే ఉండిపోతుంది కనుక, సరఫరా రాగానే మోటారు తిరుగుతుంది. మీకు కావలసింది నో-వోల్ట్ రక్షణ ఉన్న పుష్ బటన్ స్టార్టర్. ఆకుపచ్చ బటన్ నొక్కగానే అందులోని కాయిల్ కాంటాక్టులను లాగి పట్టుకుంటుంది. బటన్ వదిలాక, పక్కనే ఉండే చిన్న సహాయక కాంటాక్టు ద్వారా కరెంటు అందుకుంటూ ఆ పట్టును నిలుపుకుంటుంది. సరఫరా ఆగగానే పట్టు వదిలేస్తుంది, ఎవరైనా మళ్లీ బటన్ నొక్కేదాకా కలవదు.

స్టార్టర్‌ను నేరుగా వేసినప్పుడు మోటారు తొలి క్షణాల్లో మామూలుకంటే ఆరు నుంచి ఎనిమిది రెట్ల కరెంటు లాగుతుంది. అందువల్ల ఆ కాయిల్, కాంటాక్టులు ఉండే కాంటాక్టర్ అనే భాగం మీద ఏసీ-1 పక్కన కనిపించే పెద్ద అంకెను చూసి కొనకండి. అది హీటర్ల వంటి వాటికి. మోటారుకు చూడవలసింది ఏసీ-3 అంకె. కాయిల్ వోల్టేజీ డ్రిల్లింగ్ మిషన్‌కు 230. లేత్‌కు వైరింగును బట్టి 230 గానీ 415 గానీ ఉంటుంది. మోటారు ఎక్కువ కరెంటు లాగితే సరఫరా తెంచే ఓవర్‌లోడ్ రిలేను మోటారు నేమ్ ప్లేట్ మీది ఆంపియర్లకే అమర్చండి. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని పైకి తిప్పేసే అలవాటు మన షెడ్లలో ఉంది, అది మోటారును చేజేతులా కాల్చుకోవడమే.

లేత్‌ను ముందుకూ వెనక్కూ తిప్పే డ్రమ్ స్విచ్‌కు సాధారణంగా నో-వోల్ట్ రక్షణ ఉండదు, కనుక దానికి ముందు స్టార్టర్ తప్పనిసరి. తిరుగుతున్న చక్ మీదుగా చెయ్యి చాపకుండా అందేచోట, నొక్కితే లోపలే నిలిచిపోయే ఎర్రటి గొడుగు బటన్ పెట్టించండి. ఇనుప రజను లోపలికి చేరని డబ్బా ఎంచుకోండి, ఎర్తింగ్ సరిచూపించండి.

స్టార్టర్ ఉందన్న ధీమాతో బిట్టు మార్చకూడదు. ముందు ప్లగ్గు తీయాలి, లేత్‌కైతే మెయిన్ కట్టేయాలి. బిగింపు పూర్తయ్యాక, చక్‌లో ఏమీ లేకుండా మిషన్ నడుపుతూ మెయిన్ కట్టేసి, మోటారు ఆగాక మళ్లీ వేయించి చూడండి. అది కదిలితే ఎలక్ట్రీషియన్‌కు డబ్బు ఇవ్వకముందే వైరింగు సరిచేయించుకోండి.