పాఠకులు అడిగారు: పిట్టల పుస్తకాలు, ప్రెయిరీ ఇంటి కథలు

ప్రశ్న: పుట్టినరోజుకు పిల్లలు నాకు పక్షుల గైడు కొనిచ్చారు. మొదటి పేజీ నుంచి చదవబోతే బాతులు, కౌజులు దాటేసరికే నిద్ర ముంచుకొస్తోంది. మా బాల్కనీకి వచ్చే పిట్ట ఒక్కటీ ఇంతవరకు తగల్లేదు. ఈ పుస్తకాన్ని ఎలా చదవాలి?
— రిటైర్డ్ టీచర్, సైనిక్‌పురి

జవాబు: గైడును మొదటి పేజీ నుంచి చదవడమంటే నిఘంటువును ‘అ’ నుంచి చదవడమే. వీటిలో వరుస చుట్టరికాన్ని బట్టి ఉంటుంది. బాతులు, కోడి జాతులు ముందు వస్తాయి. పిచ్చుక, గోరింక, పికిలి పిట్ట లాంటి కొమ్మల మీది పిట్టలు చివర వస్తాయి. అంటే మీ బాల్కనీ చుట్టాలు చాలావరకు పుస్తకం రెండో సగంలో ఉన్నారు.

ముందు ఒక కాగితం మీద మీకు ఇప్పటికే తెలిసిన పిట్టల పేర్లు పదిహేనో ఇరవయ్యో రాసుకోండి. కాకి, పావురం, గోరింక, పికిలి పిట్ట, తేనెపిట్ట, చిలుక, కోకిల, జెముడు కాకి, గద్ద, పాలపిట్ట, లకుముకి, తీతువు, గుడ్డికొంగ... ఇలా. చివరనున్న సూచికలో ఒక్కొక్కటి వెతికి ఆ పేజీలకు రంగు కాగితాలు అంటించండి. మొదటి నెల ఆ పేజీలే చదవండి. రోజుకు రెండు బొమ్మల పేజీలు, ఇరవై నిమిషాలు. అంతకంటే ఎక్కువైతే బొమ్మలు కలగాపులగమైపోతాయి.

చదివే పద్ధతి కూడా చెబుతాం. పక్కనున్న వివరణను అట్టముక్కతో మూసి బొమ్మను మాత్రమే చూడండి. మీకు కనిపించిన మూడు గుర్తులు రాయండి: ముక్కు ఆకారం, తోక, ఎక్కడైనా పట్టీ గానీ మచ్చ గానీ. తర్వాత అట్టముక్క తీసి పుస్తకం దేన్ని ముఖ్యమంటోందో చూడండి. మీరు వదిలేసింది, పుస్తకం పట్టుకున్నది ఏదో అదే మీరు నేర్చుకోవాల్సింది. పాలపిట్టనే తీసుకోండి. దసరానాడు ఊరంతా వెతికే పిట్ట కాబట్టి నీలంగా ఉంటుందని అందరికీ తెలుసు. కానీ తీగ మీద ముడుచుకుని కూర్చున్నప్పుడు మనకు ఎదురుగా కనిపించేది మట్టిరంగు ఛాతీయే. రెక్క విప్పితేనే ఆ నీలం మెరుపు. గుడ్డికొంగ కూడా అంతే. చెరువు గట్టున కూర్చుంటే బురదరంగు, లేస్తే తెల్ల రెక్కలు. అందుకే ఎగిరే బొమ్మను, కూర్చున్న బొమ్మను విడివిడిగా చూడండి. చాలామంది ఎగిరే బొమ్మను దాటేస్తారు, తర్వాత బయట తికమకపడతారు.

ఇక మ్యాపు. కొత్తవాళ్లు రంగు చూసి పేరు పెట్టేస్తారు. అలా హిమాలయాల పిట్టలు హైదరాబాదు జామచెట్ల మీద వాలుతుంటాయి. పేరు ఖాయం చేసే ముందు మ్యాపులో తెలంగాణకు రంగు పడిందో లేదో చూడాలి. ఆ రంగు ఏడాది పొడవునా ఉండేదానికా, చలికాలంలో మాత్రమే వచ్చేదానికా అన్నదీ చూడాలి. ఒక్కో గైడులో రంగుల అర్థం ఒక్కోలా ఉంటుంది కాబట్టి ముందుపేజీల్లోని వివరణ ఒకసారి చదవక తప్పదు. పిట్టల పక్కన వేసే సెంటీమీటర్లు ముక్కు కొస నుంచి తోక కొస దాకా కొలిచినవి. పిచ్చుక సుమారు 15, గోరింక సుమారు 23, కాకి సుమారు 40. ఈ మూడూ మనసులో ఉంటే మిగతావి అందాజుగా తెలుస్తాయి. పొడుగు తోక పిట్టల దగ్గర మాత్రం అంకె మోసం చేస్తుంది, ఒళ్లు చిన్నదే, తోకే సగం కొలత.

గైడుతో పాటు కథలా సాగే పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకోండి. లేకపోతే ఉత్త గైడు ఎండిపోయినట్టుంటుంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఆత్మకథ ‘ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో’ (1985)లో ముందు హైదరాబాదు రాజ్యం సర్వే భాగం తీయండి. 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి చేసిన సర్వే అది. జీతం అడగలేదు, ఖర్చులు భరిస్తే చాలన్నారు. ఆ తర్వాత ఇతర సంస్థానాల్లో చేసిన సర్వేలకు ఇదే మొదలు. మన నేల మీద నడిచిన అధ్యాయం ముందు చదివితే మిగతా పుస్తకం అదే చదివిస్తుంది.

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి. అమెరికా రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన ప్రెయిరీ (గడ్డిమైదానం) కుటుంబం పుస్తకాలు రాత్రిపూట చదివి వినిపిద్దామనుకుంటున్నాను. ఏది ముందు? అందులో అమెరికా ఆదివాసుల గురించి చెడ్డ మాటలున్నాయని కూడా విన్నాను. చదవొచ్చా?
— ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: చదవండి, తప్పకుండా చదవండి. అయితే మీరు ఒక అధ్యాయం ముందుండాలి.

మొదలు ‘లిటిల్ హౌస్ ఇన్ ది బిగ్ వుడ్స్’ (1932). అందులో ప్రెయిరీ ఇంకా రాదు. విస్కాన్సిన్ అడవిలో ఒక ఏడాది గడుస్తుంది. మొదట్లోనే చలికాలానికి పందిని కోసి మాంసం దాచుకునే ఘట్టం వస్తుంది, మీ ఇంట్లో ఇబ్బందనిపిస్తే ముందే చూసుకుని దాటేయండి. 1933 నాటి ‘ఫార్మర్ బాయ్’ వేరే కుటుంబం కథ, లారా పెళ్లాడిన అబ్బాయి బాల్యం. దాన్ని ఎప్పుడైనా చదవొచ్చు. తర్వాత 1935 నాటి ‘లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ’.

మీరు విన్న మాటలు ప్రధానంగా ఈ 1935 పుస్తకంలో ఉన్నాయి. ఆ కుటుంబం ఇల్లు కట్టుకున్నది కాన్సస్‌లో ఒసేజ్ అనే ఆదివాసి జాతివాళ్ల భూమిలో. 1870లో వచ్చిన చట్టంతో ఒసేజ్‌లు దాన్ని వదిలి ఇప్పటి ఓక్లహోమా వైపు వెళ్లాల్సి వచ్చింది. పుస్తకంలో తల్లి, పొరుగువాళ్లు వాళ్ల గురించి మాట్లాడే తీరు కటువుగా ఉంటుంది. మొదటి ముద్రణలో, ఆ ప్రాంతంలో మనుషులే లేరు, ఇండియన్లే (అంటే అక్కడి ఆదివాసులే) ఉన్నారు అనే అర్థం వచ్చే వాక్యం ఉండేది. 1953 ముద్రణలో ‘మనుషులు’ తీసి ‘స్థిరపడినవాళ్లు’ అని మార్చారు. పాపతో ఈ మార్పు గురించే మాట్లాడండి. ఒక్క మాట మారితే ఎవరు లెక్కలోకి వస్తారో తొమ్మిదేళ్ల పిల్లకు బాగానే అర్థమవుతుంది. ఇంకొకటి చెప్పాలి. నిజంగా కాన్సస్‌లో ఉన్నప్పుడు లారాకు రెండు నుంచి నాలుగేళ్లు. పుస్తకంలో వయసు పెంచారు. కాబట్టి అందులో చాలాభాగం పెద్దవాళ్లు చెప్పగా విన్నదే.

ఇదే పుస్తకంలో హైదరాబాదు పిల్లలకు దొరికే మంచి తలుపు ఒకటుంది. ఇల్లంతా చలిజ్వరంతో పడిపోతుంది. పుచ్చకాయలు తిన్నందుకే వచ్చిందని పొరుగువాళ్లంటారు. అది మలేరియా. దోమల వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. పాతికేళ్లు దాటాక, 1897 ఆగస్టు 20న, బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది మన సికింద్రాబాదులోనే. ఆ అధ్యాయం చదివిన వారం పాపను బేగంపేటలోని రాస్ భవనం వైపు తీసుకెళ్లండి.

కొలతలు ఇబ్బంది పెడతాయి. అమెరికా ప్రభుత్వం 1862 చట్టం కింద స్థిరపడేవాళ్లకు ఇచ్చిన 160 ఎకరాలంటే అర మైలు పొడవు, అర మైలు వెడల్పున్న చతురస్రం. అయిదేళ్లు అక్కడే కాపురముండి సాగు చేస్తేనే పట్టా. చలి ఫారెన్‌హీట్‌లో చెబుతారు: అంకెలోంచి 32 తీసి, 5తో గుణించి 9తో భాగించండి. మైనస్ 40 దగ్గర రెండు కొలతలూ ఒకటే. 1880-81 చలికాలం మీద రాసిన ‘ది లాంగ్ వింటర్’ (1940)ను ఏప్రిల్, మే నెలలకు దాచుకోమని మా సలహా. రైళ్లు ఆగిపోయి కట్టెలు లేక ఎండుగడ్డిని పురితిప్పి పొయ్యిలో పెట్టడం, కాఫీ గింజల మరలో గోధుమలు విసరడం... తిరగలి చూసిన అమ్మమ్మ ఇంట్లో ఉంటే ఆవిడతోనే చదివించండి.

చేసి చూసేది ఒకటి కావాలంటే వెన్న. మొదటి పుస్తకంలో చలికాలపు వెన్న పాలిపోయి ఉంటుందని, తల్లి క్యారెట్ తురుమును పాలలో వెచ్చజేసి వడకట్టి ఆ రంగుపాలను మీగడలో కలుపుతుంది. తోడేసిన మీగడ రెండు గ్లాసులు, ఒక చిన్న క్యారెట్, అర గ్లాసు పాలు చాలు. మీగడ చల్లగా ఉండాలి, 12-15 డిగ్రీలు మంచిది. మన ఎండల్లో బయట పెట్టి చిలికితే కొవ్వు మెత్తబడి నురగే తప్ప ముద్ద కట్టదు. నాలుగు ఐసు ముక్కలు వేసి చిలకండి. గేదె మీగడ వాడితే రంగు తేడా ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే గేదె మేతలోని పసుపురంగును విటమిన్‌గా మార్చేసుకుంటుంది, దాని వెన్న ఎప్పుడూ తెల్లనే.

ప్రశ్న: కాన్సస్ పుస్తకంలో తండ్రి ఫిడేలుకు నైటింగేల్ జవాబిస్తూ పాడుతుంది. అమెరికాలో నైటింగేల్ ఉందా? తెలుగులో దాన్ని కోకిల అనొచ్చా?
— డిగ్రీ విద్యార్థి, విద్యానగర్

జవాబు: ఉత్తర అమెరికాలో నైటింగేల్ లేదు. అది యూరప్, పశ్చిమాసియాల్లో గూడు పెట్టి చలికాలం ఆఫ్రికాకు పోయే పిట్ట. వెన్నెల రాత్రుల్లో కాన్సస్ చెట్ల మీద గంటలకొద్దీ పాడేది మాకింగ్‌బర్డ్, అదే అయి ఉండవచ్చు. ప్రెయిరీలో మెడోలార్క్ అనే పేరు కూడా తరచూ తగులుతుంది. పేరులో లార్క్ ఉన్నా అది మన భరత పిట్టకు చుట్టం కాదు, వేరే కుటుంబం.

కోకిల అనొద్దనే మా మాట. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడుకు ఇంగ్లిషులో నైటింగేల్ బిరుదు, మనకు ‘భారత కోకిల’ అయింది. బిరుదుకు అది అందమే. కథలో మాత్రం అర్థం చెడుతుంది. కోకిల గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్లు పెడుతుంది, పాట కూడా వేరు. ‘బుల్‌బుల్’ అన్నా చిక్కే. ఫార్సీ, ఉర్దూ కవిత్వంలో బుల్‌బుల్ అంటే నైటింగేల్, మన దేశపు పక్షుల పుస్తకాల్లో బుల్‌బుల్ అంటే పికిలి పిట్ట. నైటింగేల్ అనే ఉంచేయండి.

ప్రశ్న: అమీన్‌పూర్ చెరువు దగ్గర వానలో పక్షుల గైడు తడిసిపోయింది. ఎండలో పెడితే బాగవుతుందా?
— ఐటీ ఉద్యోగి, మియాపూర్

జవాబు: ఎండలో పెట్టకండి. గైడుల్లో రంగు బొమ్మల కోసం నున్నటి పూత ఉన్న ఆర్ట్ పేపరు వాడతారు. తడిసిన పూత జిగురులా పనిచేస్తుంది. పేజీలు ఒకదానికొకటి ఆనుకుని ఆరితే అట్టలా అతుక్కుపోతాయి, తర్వాత విడదీస్తే బొమ్మే ఊడొస్తుంది. కాబట్టి ఆరకముందే పని మొదలుపెట్టాలి. ఒక్కో పేజీ మధ్య బటర్ పేపరు పెట్టండి (వార్తాపత్రిక వద్దు, సిరా అంటుతుంది), ఫ్యాను గాలికి నిలబెట్టండి, గంటకోసారి పేజీలు కదపండి, తడిసిన బటర్ పేపరు మార్చండి. ఆ పూట తీరిక లేకపోతే పుస్తకాన్ని తడిగానే ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి బిగించి డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. అతుక్కోవడం ఆగుతుంది, సెలవురోజున తీసి ఆరబెట్టుకోవచ్చు. పూర్తిగా ఆరాక రెండు పలకల మధ్య బరువు పెట్టి వారం ఉంచితే వంకరలు చాలావరకు పోతాయి.

ప్రశ్న: చదివేటప్పుడు పిట్టలకు తెలుగు పేర్లు రాసుకోవడం వల్ల ఉపయోగం ఉందా? ఒకే పేరు రెండు పిట్టలకు వినబడుతోంది.
— గృహిణి, నల్లకుంట

జవాబు: చాలా ఉంది. కడప అడవుల్లో కలివి కోడి, అంటే జెర్డన్స్ కోర్సర్, 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్నారు. 1986లో మళ్లీ దొరికింది. అక్కడి జనానికి మాత్రం ఆ పిట్ట తెలుసు, దానికొక పేరుంది. అయితే పేరు జిల్లా మారితే మారుతుంది, పూరేడు అంటే ఒక్కో చోట ఒక్కో కౌజు. అందుకని నోటుపుస్తకంలో మూడు గడులు పెట్టుకోండి: తెలుగు పేరు, ఎవరు ఏ ఊరివాళ్లు చెప్పారు, గైడులోని లాటిన్ పేరు. పాలపిట్టయితే కొరాషియాస్ బెంగాలెన్సిస్. ఇంగ్లిషు పేర్లు ముద్రణకొకలా మారుతుంటాయి. పాత పుస్తకాల్లో పాలపిట్టే ‘బ్లూ జే’.

ప్రశ్న: ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఈ రెండు రకాల పుస్తకాలూ దొరుకుతాయా? ఏం చూసి కొనాలి?
— పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: ఓపికుంటే దొరుకుతాయి. పక్షుల గైడయితే బొమ్మల పేజీల అంకెలు వరుసగా ఉన్నాయో లేదో అక్కడే లెక్కపెట్టండి. ఫ్రేము కట్టడానికి బొమ్మలు కోసుకునేవాళ్లుంటారు. ప్రెయిరీ పుస్తకమయితే కుదించిన ముద్రణ కాదని లోపలి పేజీలో చూడండి. గార్త్ విలియమ్స్ బొమ్మలున్నది 1953 తర్వాతి ముద్రణ, పిల్లలకు అదే బాగుంటుంది. పాత గైడులో ఎవరో పెన్సిలుతో తారీఖు, చెరువు పేరు రాసి ఉంటే ధర తగ్గించమని అడగండి గానీ ఇంటికొచ్చాక ఆ రాతలు చెరపకండి. ఆ పిట్ట ఆ చెరువుకు ఏ నెలలో వచ్చేదో చెప్పేది ఆ ఒక్క గీతే కావచ్చు.