పాత చెక్క కెమెరా వయసు తేల్చడం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ తాతగారి స్టూడియో అటక మీద దొరికిన చెక్క కెమెరా ఫొటోలు చూశాను. లెన్స్ చుట్టూ ‘కార్ల్ జైస్ యేనా, టెస్సార్’ అని జర్మన్ లెన్స్ కంపెనీ పేరు, లెన్స్ రకం పేరు ఉన్నాయి కాబట్టి అది జర్మనీ కెమెరా అని నువ్వు రాశావు. కానీ లెన్స్ పేరును బట్టి పెట్టె ఎక్కడిదో చెప్పలేం. చిన్న గడియ జరిపితే లెన్స్ బిగించిన పలక (లెన్స్ బోర్డు) మొత్తం ఊడి చేతికి వస్తుంది గనుక, ఒకే పెట్టెకు కాలాన్ని బట్టి రెండు మూడు లెన్సులు మార్చి వాడుకునేవారు. టెస్సార్ 1902లో వచ్చింది. కనుక ఆ లెన్స్ అంతకు ముందుది కాదని మాత్రమే తెలుస్తుంది. పెట్టె సంగతి పెట్టెనే అడగాలి.

ముందు కలప చూడు. ఎర్రని మహాగని అయితే ఇంగ్లండు పనితనం కావచ్చు. అమెరికావారు చెర్రీ కలప కూడా వాడారు. టేకు అయితే తొందరపడవద్దు, ఎందుకంటే మన వేడికి, తేమకు తట్టుకునేలా మూలలకు ఇత్తడి పట్టీలు వేసి ఇంగ్లండువారు టేకుతో చేసినవీ ఉన్నాయి, 1940ల నుండి కేరళలోని ఆలప్పుళలో చేతితో తయారై దేశమంతటా స్టూడియోలకు చేరిన వాగీశ్వరి కెమెరాలూ ఉన్నాయి. వాగీశ్వరి అని తేలితే చిన్నబుచ్చుకోకు, నా దృష్టిలో అది గర్వించదగిన వస్తువు.

ఇత్తడి బిళ్ల మీద పేటెంటు సంఖ్య ఉంటే పక్కన సంవత్సరం ఉందేమో వెతుకు. 1916కు ముందు బ్రిటిష్ పేటెంట్ల సంఖ్య ఏటా ఒకటితో మొదలయ్యేది కాబట్టి, సంవత్సరం లేని సంఖ్యతో ప్రయోజనం లేదు. ‘డి.ఆర్.జి.ఎమ్.’ అనే జర్మన్ నమూనా నమోదు ముద్ర 1891కి ముందు ఉండదు. ఏ తేదీ అయినా ‘ఇంతకు ముందుది కాదు’ అని చెబుతుందే తప్ప, తయారైన సంవత్సరం ఇదేనని చెప్పదు. స్టార్ స్క్రూ కనబడితే అది 1930ల తర్వాతి మరమ్మతు అనుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం ప్లేట్ హోల్డర్, అంటే ఫొటో పడే గాజు పలకను పెట్టే చెక్క చట్రం. దాన్ని తెరిచి, అడుగు చెక్కలో, మూలల్లో నల్లగా ఇంకిన మరకలు ఉన్నాయేమో వెలుతురులో చూడు. 1851లో వచ్చిన తడి ప్లేటు పద్ధతిలో, సిల్వర్ నైట్రేట్‌లో ముంచిన గాజు పలకను ఆరకముందే హోల్డరులో పెట్టేవారు. దాని నుండి కారిన చుక్కలే చెక్కను అలా నల్లబరిచేవి. 1880 ప్రాంతంలో పొడి ప్లేట్లు అంగట్లో దొరకడంతో ఆ అవసరం చాలావరకు తీరిపోయింది. కనుక అటువంటి మరకలు ఉంటే పెట్టె అంతకు ముందుది కావచ్చు. ముప్పై ఏళ్ల కిందట నేను కొన్న పెట్టెలో అటువంటి మరకలనే మురికి అనుకుని వడ్రంగి చేత గరుకు కాగితంతో రుద్దించాను. దాని వయసు చెప్పగల సాక్ష్యం ఆ పొట్టుతోపాటే పోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకని ఇత్తడిని చింతపండుతో తోమవద్దు, చెక్కకు వార్నీషు వేయించవద్దు. వెనుక దృశ్యం కనబడే గరుకు గాజును అంగుళాల్లో కొలిచి రాయి: 4¾ × 6½ అయితే ‘హాఫ్ ప్లేట్’ అనే బ్రిటిష్ కొలత, 5 × 7 అయితే అమెరికా కొలత కావచ్చు. హోల్డరు లోపలి ఫొటో కూడా పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న