కొత్త ఎయిర్ రైఫిల్ మీద వ్యాసం పంపిన యువ రచయితకు

మిత్రులకు నమస్కారం.

మీ వ్యాసం అందింది. రెండో పేరాలో "ఇది తుపాకీ కాదు, నా ప్రేయసి" అన్న వాక్యం చూసి కాగితాలు పక్కన పెట్టేశాను. చదవడం మొదలుపెట్టినదాన్ని పూర్తిచేయాలన్న పాత అలవాటు వల్ల మళ్ళీ తీశాను గనుక, రైఫిల్‌తో పాటు పెట్టెలో వచ్చిన పరీక్ష కార్డు సంగతి నా కంటపడింది. ఫ్యాక్టరీలో బ్యారెల్‌ను, అంటే తుపాకీ గొట్టాన్ని, బిగించి కాల్చిన పెల్లెట్ల (చిన్న సీసపు గుళ్ళ) తూట్లన్నీ ఒకే రంధ్రంలా కలిసిపోయిన ఆ కార్డును గోడకు అంటించి, దాని పక్కనే మీ మొదటి సాయంత్రపు టార్గెట్‌ను, నడిమి నల్లటి వృత్తమంతా చెల్లాచెదురుగా తూట్లు పడ్డదాన్ని, అంటించానని మీరు ఏ అలంకారమూ లేకుండా రాశారు. ఆ ఒక్కచోట మీరు రచయిత. మిగతా వ్యాసమంతా దుకాణం వారి తరఫున మాట్లాడారు.

కొత్తగా కొన్న వస్తువు గురించి రాసేటప్పుడు, ఇది వస్తువు చేసిన పని, ఇది నేను చేసిన పని అని విడదీసి చెప్పలేనివాడు దాని జోలికి పోకూడదని నా పట్టుదల. పది మీటర్ల పోటీ రైఫిల్ విషయంలో ఈ విభజన చేయడం తేలిక, ఎందుకంటే తప్పు దాని మీదికి నెట్టడానికి అది దాదాపు చోటివ్వదు. సెకనుకు 170 మీటర్ల వేగం, 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు) అని క్యాటలాగు అప్పజెప్పి ఊరుకున్నారు. నాకు అంకెలంటే ఇష్టమే గానీ, అవి మనిషి ఒంటి మీదికి రావాలి. అర గ్రాము పైచిలుకు బరువున్న ఆ పెల్లెట్ బ్యారెల్ దాటే కొన్ని మిల్లీసెకన్లలోపు భుజం సడలినా, చెంప లేచినా, పది పాయింట్ల చుక్క తప్పిపోతుంది. ఆ చుక్క అడ్డుకొలత అర మిల్లీమీటరు. "శబ్దం వినగానే తల ఎత్తి టార్గెట్ వైపు చూశాను" అని మీరు మాటవరసకు అనేసి వెళ్ళిపోయారు. కాల్చిన తరువాత కూడా క్షణకాలం అదే భంగిమలో నిలబడాలని ప్రతి కోచ్ ఎందుకు మొత్తుకుంటాడో ఆ వాక్యంలోనే ఉంది. మీ తొలి అనుభవం అదే, ప్రేయసి కాదు.

నా కుర్రతనంలో ఒక వారపత్రిక కోసం హైదరాబాదులో ఒక షూటింగ్ రేంజికి వెళ్ళాను. అక్కడి కోచ్ నాకు పెల్లెట్ ఇవ్వనే లేదు. బిరుసు కాన్వాసు కోటు తొడిగించి, ఎడమ మోచేతిని తుంటి ఎముక మీద ఆనించమని, గురి చూసే ముందు సైటు వలయంలో టార్గెట్ నలుపును నిలిపి ఉత్త ట్రిగ్గర్ నొక్కమని చెప్పాడు. టెలిస్కోపు లేదు, వెనక చిన్న రంధ్రం, ముందొక వలయం, అంతే. చాలాసేపు నిలబడ్డాక, వలయం నా నాడితో పాటు కొట్టుకోవడం కనబడింది. అదంతా రాసుకొస్తే, కాల్చకుండా తుపాకీ వ్యాసమేమిటని సంపాదకుడుగారు ఆ భాగం కొట్టేసి, ఆ జాగాలో తుపాకీ పట్టుకున్న సినిమా తార ఫొటో వేశారు. అంకెలుంటే పాఠకుడు పారిపోతాడని కూడా ఆయన సెలవిచ్చారు. అటువంటివారు ఇప్పటికీ కుర్చీల్లో ఉన్నారు, కాకపోతే నేటి ఫ్యాషన్ మారింది: ఏ వస్తువు కొన్నా చివరికి అందులో నాన్న కళ్ళలో నీళ్ళు కనబడాలి. మీ ముగింపు పేరా ఆ కోవలోదే, తీసేయండి.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో హైదరాబాదు వాడైన గగన్ నారంగ్ కాంస్యం అని రెండు ముక్కలు ఇరికించారు. పతకాల జాబితా పాఠకుడికి తెలుసు. బింద్రాను తెస్తే ఆఖరి షాటును తేవాలి: ఫిన్లాండ్‌కు చెందిన హాకినెన్‌తో సమానంగా ఉండగా ఆయన 10.8 పాయింట్లు కొట్టాడు (ఫైనల్లో పాయింట్లను దశాంశాల్లో లెక్కిస్తారు), హాకినెన్ 9.7తో కాంస్యానికి జారాడు. చుక్క నుంచి ఇద్దరి దూరాలకూ మధ్య తేడా కొలిస్తే మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. మీ గోడ మీది టార్గెట్ పక్కన ఆ కొలత పెట్టి చూడండి, వ్యాసం తనంతట తానే కదులుతుంది.

ఏ పత్రికకు పంపాలని అడిగారు. ఇప్పుడే దేనికీ పంపకండి. పరీక్ష కార్డుతో మొదలుపెట్టి తిరగరాసి నాకే పంపండి. ఆ సాయంత్రం కాల్చేటప్పుడు రైఫిల్‌కు గాలినిచ్చే సిలిండరు పీడనం చూపే గేజిలో ముల్లు ఎక్కడుందో మీరు చెప్పలేదు. 200 బార్ల పీడనంతో నింపిన సిలిండరులో గాలి తగ్గుతున్నా, గాలిని అదుపుచేసే రెగ్యులేటర్ చాలాసేపు వేగాన్ని నిలకడగా ఉంచుతుంది గానీ, పీడనం మరీ పడిపోతే పెల్లెట్లు కిందికి దిగడం మొదలవుతుంది. మీ టార్గెట్‌లో దిగువన పడ్డ తూట్లు మీవో, ఖాళీ అయిన సిలిండరువో తేల్చుకుని రాయండి.

ఆశీస్సులతో.