ముందు మీ మేనత్తను అడుగు

చిరంజీవి బాబుకు,

హన్మకొండ నుంచి మీ పెద్దబాపు దీవించి రాయునది. మన వంశవృక్షం రాయడానికి ముందు ఏ ఆఫీసుకు పోవాలని అడిగావు. ఆఫీసు తర్వాత. ముందు మీ మేనత్త దగ్గరికి పో. మా మగవాళ్ళకు పొలం గట్లు గుర్తుంటాయి, ఆడబిడ్డలకు ఎవరు ఎవరి పెళ్లికి రాలేదో కూడా గుర్తుంటుంది. "తాతల పేర్లేంటి" అని అడిగితే రెండు పేర్లు చెప్పి ఆగిపోతుంది. పెత్రమాస (పెద్దల అమావాస్య) నాడు ఎవరెవరి పేరు మీద బియ్యం ఇచ్చేవాళ్ళని అడుగు, వరుసగా వస్తాయి. ఫోన్‌లో రికార్డు పెట్టుకో, మధ్యలో అడ్డురాకు.

తాత పేరు మనవడికి పెట్టడం మన దగ్గర రివాజు. నేను ఇద్దరు కొమురయ్యలను ఒక్కడే అనుకొని రెండు తరాలు మింగేశాను. దిద్దుకోవడానికి ఏడాది పట్టింది. ఆ పేర్లే దారి కూడా చూపిస్తాయిలే. కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న మొక్కు, ఐలయ్య అంటే ఐనవోలు మల్లన్న, సమ్మయ్య, సారయ్య అంటే మేడారం సమ్మక్క, సారలమ్మ.

ఇంటిపేరు సంగతి. ఊరిపేరు ఇంటిపేరుగా పడేది ఆ ఊరు విడిచి వచ్చాకే. ఊళ్లో ఉన్నన్నాళ్ళు అందరూ ఆ ఊరివాళ్ళేనాయె! కాబట్టి మన ఇంటిపేరు, మనం ఎక్కడినుంచి కదిలామో చెబుతుంది. అంతకుమించి లాగకు. పాలకుర్తి ఇంటిపేరున్న ప్రతివాడూ పాల్కురికి సోమనాథ కవి వారసుడు కాడు. ఒకే ఊరు విడిచిన నాలుగు కులాలవాళ్ళకు ఒకే ఇంటిపేరు ఉండొచ్చు. గోత్రం, ఇలవేల్పు కూడా కలిస్తేనే చుట్టం అనుకో.

మన పద్మశాలీలకు కూనపులివాళ్ళు బొమ్మల పటం విప్పి మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు ఉన్నట్టే. కూర్చొని విను, కట్నం ఇవ్వు. కానీ అది కులం పుట్టుక కథ. దాన్ని, మీ ముత్తాతను ఒకే కాగితం మీద రాయకు.

ఇక కాగితాలు. తహసీల్దారు ఆఫీసులో 1954–55 ఖాస్రా పహాణీ నకలు అడుగు, ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు అది. అంతకు ముందుది సేత్వార్, నిజాం కాలపు భూమి సర్వే రికార్డు, ఉర్దూలో ఉంటుంది. 'వల్ద్' అనే మాటకు ముందున్నది కొడుకు పేరు, తర్వాతది తండ్రి పేరు. అందులో ఉండే ఫసలీ (అప్పటి రెవెన్యూ సంవత్సరం) అంకెకు 590 కలిపితే మన సంవత్సరం, కొన్ని నెలలు అటూఇటూ. ఉర్దూ వచ్చిన పెద్దమనిషిని వెంట తీసుకుపో. ఆ రాతలో పొట్టి అచ్చులు రాయరు, మన పేర్లను రెండు మూడు రకాలుగా చదవొచ్చు. మగ్గం తప్ప గుంట భూమి లేనివాళ్ళు అందులో దొరకరు, టెన్షన్ పడకు. బడి అడ్మిషన్ రిజిస్టర్లు చూడు. షోలాపూర్, భీవండి పోయిన మనవాళ్ళ దగ్గర పాత పెళ్లిపత్రికలు అడుగు.

మీ మేనత్తకు మోకాళ్ళ నొప్పులు. సాయంత్రం చాయ్ తాగాక పో, అప్పుడు మాట్లాడుతుంది. ఆమె అత్తగారింటి పేర్లు కూడా రాసుకో. ఆడవాళ్ళను వదిలేసిన చెట్టు మాత్రం నాకు పంపకు.

మీ పెద్దబాపు